గార్నెట్ నడిమి కోసం రెండు రోజులు

మా అత్త పని రాళ్ళు కొయ్యడం. పాతకాలపు రాళ్ళ వయసు తేల్చే ప్రయోగశాల కింది అంతస్తులో, నీళ్ళు చిమ్మే రంపం ముందు, పందొమ్మిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. కోసిన రాతిముక్కను గాజుపలకకు అంటించి, వెలుతురు దూరేంత పలచగా అరగదీస్తుంది. పై అంతస్తులో డిగ్రీలున్నవాళ్ళు ఆ పలకలు చూసి వ్యాసాలు రాస్తారు. వాటిలో ఆమె ఊసుండదు.

ఒక మధ్యాహ్నం పై అంతస్తులో పరిశోధన చేసే అమ్మాయి పిడికిలంత రాయి పట్టుకొచ్చింది. ఆ రాయి దొరికిన కొండను రోడ్డు కోసం పేల్చేశారు. మిగిలింది ఆ ముక్కే. పగిలిన ముఖం మీద ఒకే ఒక్క గార్నెట్ స్ఫటికం ఎర్రటి చుక్కలా కనిపిస్తోంది, మిగతాదంతా లోపలే. భూమి లోతున వేడికీ ఒత్తిడికీ గార్నెట్ నడిమి నుంచి పొరపొరగా పెరుగుతుంది. నడిమిలో తొలినాటి రేణువులు చిక్కుకుని ఉంటాయి. వాటి వయసు తెలిస్తే ఆ రాయి మొట్టమొదట ఎప్పుడు రూపు మారిందో తెలుస్తుంది. అంచు మాత్రమే దొరికితే చివరి కథే మిగులుతుంది. ఆ అమ్మాయి నాలుగేళ్ళ చదువు ఆ నడిమి మీదే నిలబడి ఉంది.

అమ్మాయి చుక్క వెడల్పును బట్టి నడిమి లోతు అంచనా వేసి, రాయి పక్కవైపున పెన్సిల్ గీత గీసింది. అక్కడ కోసి సాయంత్రానికల్లా ఇమ్మంది. మర్నాడు పొద్దున్నే వయసు కొలిచే యంత్రం ఆమె వంతు. అది తప్పితే మళ్ళీ మూడు నెలలకు.

అత్త రాయిని తడిపి, బొటనవేలితో తడిమి, రంపం ఆపేసింది.

“ఇక్కడ కోస్తే అంచే వస్తుందమ్మా.”

“కొలిచే గీశానక్కా.”

“పైకి కనిపించింది కొలిచావు. లోపలిది నీ స్కేలుకేమైనా చుట్టమా?”

కొయ్యకుండా ఆ ముఖాన్నే అరగదీద్దామంది అత్త. గరుకుపొడి నీళ్ళలో కలిపి, గాజు మీద రాయిని కాసేపు తిప్పి, కడిగి చూపించింది. ఎర్రచుక్క అప్పుడే రెట్టింపయింది. తన అంచనా ఎంత తప్పో ఆ అమ్మాయికి అర్థమైంది. ముఖం మాడ్చుకుని పైకెళ్ళి, యంత్రం వంతు వదులుకుని దిగొచ్చింది.

తర్వాత రెండు రోజులు ఒకటే పని. అరగదియ్యడం, కడగడం, పలచటి కాగితం పరిచి గార్నెట్ చుట్టూ గీత గీసుకోవడం. గుండ్రం పెరుగుతున్నంతసేపూ నడిమి భాగం ఇంకా లోపలే ఉన్నట్టు. పెరగడం ఆగితే నడిమికి చేరినట్టు. అది దాటితే గుండ్రం చిన్నదవుతుంది గానీ, అప్పటికి నడిమి భాగం బురదనీళ్ళలో కొట్టుకుపోయి ఉంటుంది. రెండో రోజు సాయంత్రం చూస్తే పదో గుండ్రానికీ పదకొండో గుండ్రానికీ తేడా లేదు.

“ఇంకొక్కసారి తిప్పండక్కా, ఇంకాస్త పెరుగుతుందేమో,” అంది అమ్మాయి.

అత్త రాయిని తీసి తుడిచేసింది. “ఇంకేం పెరగదు. ఇప్పుడు ఆశపడితే అరిగేది నీ చదువే.”

మూడు నెలల తర్వాత యంత్రం లెక్క చెప్పింది. నడిమి రేణువులకు మూడు వందల పద్దెనిమిది కోట్ల ఏళ్ళు. అంచులోవాటికి అంతకంటే డెబ్భై కోట్లు తక్కువ. అంటే రాయి ఒకసారి కాదు, రెండుసార్లు రూపు మారింది. అమ్మాయి మెట్లు దిగుతూనే ఈ అంకెలన్నీ అప్పజెప్పి, రెండు కోట్ల ఏళ్ళు అటూ ఇటూ ఉండొచ్చని కూడా చెప్పింది.

అత్త చేతులు తుడుచుకుంటూ అంది: “రెండు కోట్లు అటూ ఇటూ అయినా మీది సైన్సే. నేను వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే మాత్రం చేతకానిదాన్ని.”

అమ్మాయి నవ్వలేదు. తన వ్యాసంలో ఆ రెండు రోజుల పనినీ పూసగుచ్చినట్టు రాసి, చేసినవారిగా అత్త పేరు పెట్టింది. అత్త ఉద్యోగం ఇంకా తాత్కాలికమే.