కంటి కింది మెట్టు

నయాపూల్ దాటుతుంటే పాన్ డబ్బాల దగ్గర తడి సున్నం వాసన వస్తుంది. బస్సులో ఉన్నా సరే, ఆ వాసనకి నా చేయి దానంతట అదే ఎడమ కంటి కిందికి పోతుంది.

మాది పాతబస్తీలో పాల వ్యాపారం చేసే ఇల్లు. దీపావళి అయిందంటే దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్ పండుగ హడావిడి మొదలయ్యేది. వాటి ఒంటికి నూనె, కొమ్ములకు రంగులు, మెడలో గవ్వల దండలు. లోపల మా అవ్వ వేయించే గారెల వాసన, కొట్టంలోని పచ్చగడ్డి, పేడ వాసనలతో కలిసి గల్లీ చివరిదాకా పోయేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నూనె గిన్నె పట్టుకొని దున్నపోతు ముఖానికి మరీ దగ్గరగా నిలబడ్డాను. అది ఈగను తోలుకోవడానికి తల విదిల్చింది. కొమ్ము కంటి కింద తగిలింది.

కాసేపటికే కన్ను వాచి మూసుకుపోయింది. మా ఇంట్లో మనిషికైనా గొడ్డుకైనా దెబ్బకు పసుపులో సున్నం కలిపి పట్టు వేసేవాళ్ళు. అవ్వ అదే చేసింది. ఆ రెండూ కలిస్తే ఎర్రబడతాయి. పాలు పోసి తిరిగొచ్చిన బాపు, నా చెంప మీదుగా గొంతుదాకా కారిన ఎరుపు చూసి కన్ను పగిలిందనుకున్నాడు. నన్ను ఎత్తుకొని ఆటో ఎక్కాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దూదితో తుడిచి వాసన చూసింది.

"ఇది రక్తం గాదన్నా, పసుపు సున్నం. బిడ్డకు పట్టేసిండ్రా, గోడకు సున్నమేసిండ్రా?"

కడిగి, రెప్ప ఎత్తి చూసింది. గుడ్డు బాగానే ఉంది. కానీ ఆమె వేలు కంటి చుట్టూ ఎముక అంచు వెంట తిరిగి, కింద ఒకచోట ఆగింది. అక్కడ ఎముక విరిగి మెట్టులా దిగింది. పైకి చూడమని పెన్ను చూపిస్తే నాకు రెండు పెన్నులు కనిపించాయి. ఆపరేషన్ చేయకపోతే ఎప్పటికీ అంతేనంది.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరమ్మ నా ముఖం మీద ఊదా సిరాతో గుర్తులు పెడుతూ బాపుకి చెప్పింది. "కనుబొమ్మ కింద ఈ నొక్కు ఉంది గదా, దీనికి సీదా కిందికొస్తే, అంచుకు వేలు మందం కింద నరం బయటికొస్తది. ముక్కు పక్కన ఈ గట్టు వెనక కన్నీటి సంచి. ఈ రెండు తెగకుండ చెయ్యాలె."

"బర్రెకు గూడ గిట్లనే ఉంటది మేడం," అన్నాడు బాపు.

"అయితే కత్తి నువ్వే పట్టు. నేను పోయి పాలు పిండుత."

బాపు నవ్వాడు. ఆ నవ్వు విన్నాక నాకు భయం తగ్గింది.

కట్టు విప్పిన రోజు పెన్ను ఒకటే కనిపించింది. బాపు నమ్మలేదు. తన వేలు పైకెత్తి, పక్కకు జరిపి, మళ్ళీ మళ్ళీ అడిగాడు. "సాలు తీయన్నా, పిల్ల కండ్లు గాదు, నీ చెయ్యి నొస్తది," అంది డాక్టరమ్మ. నరం తెగలేదు గాని నలిగిందట, కొన్ని నెలలు నా పై పెదవి ఒక పక్క మొద్దుబారి ఉండేది. చాయ్ కారితే అవ్వ కొంగుతో తుడిచేది. ఎముక అతుక్కుంది గాని, అంచు మీద సన్నటి మెట్టు మిగిలింది.

మా కొట్టం ఉన్నచోట ఇప్పుడు బండ్లు పెడుతున్నారు. గల్లీలో ఒక్క బర్రె లేదు. అవ్వ ఎప్పుడో పోయింది, బాపు పోయి ఏడు నెలలైంది. షుగర్‌తో చివరి రెండేళ్ళూ ఆయనకు చూపు లేదు. నేను మంచం పక్కన కూర్చుంటే ఎవరని అడిగేవాడు కాదు. బొటనవేలు నా కంటి కింద పెట్టి, అంచు వెంట జరిపి, మెట్టు దగ్గర ఆపేవాడు.

"ఒకటే కనబడ్తుందా బిడ్డా?"

"ఒకటే బాపు."

అది విన్నాక నిద్రపోయేవాడు.