కుంకుడుకాయంత

తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. కన్నకూతురికి కూడా చెప్పలేదు. నీకు చెప్తున్నా. ఛీ అనాలనిపిస్తే అను, కానీ చివరిదాకా విను.

మా ఆయన పులికాట్ సరస్సులో విసురు వల వేసేవాడు. గొంతులో క్యాన్సరొచ్చింది. మద్రాసులో ఏడు వారాలు కరెంటు, అదే రేడియేషను, పెట్టినారు, దాంతోపాటే మందు ఎక్కించినారు. గొంతులోది కరిగిపోయింది. మెడ పక్కన గడ్డ మాత్రం కొంచెం మిగిలింది. "మూడు నెలలకు స్కానింగుకి రండి. అప్పటికీ ఉంటే మెడ కోసి తీసెయ్యాల. ఆ పక్క చెయ్యి పైకి లేవకపోవచ్చు" అన్నాడు డాక్టరు.

కరెంటుకి మెడ తోలు చెక్క మాదిరి అయింది. తాకినా ఆయనకు తెలిసేది కాదు, వల తాళ్ళకు కాయలు కాసిన ఆయన వేళ్ళకూ అందేది కాదు. పొద్దున్నే నేనే కొబ్బరినూనె రాసేదాన్ని. రొయ్యలు ఒలిచి ఒలిచి ఈ వేళ్ళకు చూడకుండానే అన్నీ తెలుస్తాయి. మొదట శనగ్గింజంత. రెండో నెలకు చింతగింజ. మూడో నెలకు కుంకుడుకాయంత, రాయి లాగా, కదలకుండా.

"ఏందిమే, తగ్గిందా?" అన్నాడు.

"తగ్గింది మావా. శనగ్గింజ కూడా లేదు."

"అయితే స్కానింగెందుకు? నీ వేళ్ళకు మించిన మిషను మద్రాసులో ఉందా?" నవ్వబోయినాడు, దగ్గొచ్చింది.

పోలేదు.

చెయ్యి పడిపోతే వల విసరలేడు, అందుకే అబద్ధమాడినానని నాకు నేనే చెప్పుకున్నా. నిజమేనా? వల లేకపోతే పగలంతా ఇంట్లోనే ఉంటాడు. ఆయన ఇంట్లో ఉంటే ఎట్టుంటుందో ముప్ఫై ఏళ్ళుగా నా వీపుకి తెలుసు. ఆయన సరస్సు మీద ఉన్న పూటలే నేను బతికిన పూటలు. నేను కాపాడుకుంది ఆయన చేతినా, ఆ పూటల్నా? ఆయన చచ్చిపోవాలని కోరుకోలేదు. అట్టాగని పోతాడేమోనని భయపడినానా? ఎన్నిసార్లు అడుక్కున్నా సగం జవాబే వస్తుంది.

ఆరో నెలలో గడ్డ తోలు చీల్చుకుని బైటికొచ్చింది. అప్పుడు పరిగెత్తినాం.

"అప్పుడే ఎందుకు తీసుకురాలేదమ్మా? తీసేసేవాళ్ళం గదా" అన్నాడు డాక్టరు నాతో.

నేను నోరు తెరిచేలోపలే మా ఆయన అన్నాడు, "దాన్నెందుకంటారు సార్. దానికేం తెలుసు? నేనే రానన్నా."

దానికేం తెలుసు. ఆయన చేతి దెబ్బలు మానిపోయినాయి, ఆ మాట మానలేదు.

ఎండలు ముదరకముందే పోయినాడు. "నీ మాదిరి మొగుడికి చేసినోళ్ళు లేరక్కా" అంటారు మా వీధి ఆడోళ్ళు, నా చేతులు పట్టుకుని. తలూపుతా.

ఆయన అడిగినదానికి జవాబు ఇవాళ చెప్తున్నా. తగ్గలేదు మావా. పెరిగింది. నాకు తెలుసు.