ఎడిటర్ కొట్టేసిన అత్తగారు

నా మొదటి పుస్తకంలో మా అత్తగారి మీద ఒక అధ్యాయం ఉండేది. సబ్బవరంలో బంధువుల గృహప్రవేశానికని అనకాపల్లి బస్సు కాంప్లెక్సుకి వెళ్లి, ఆవిడ కంగారుపడి వేరే బస్సెక్కించడంతో ఇద్దరం ఎక్కడో సముద్రం వైపున్న రాంబిల్లిలో తేలిన కథ. విజయవాడలో ఉండే మా ఎడిటర్ ఆ అధ్యాయాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన "నమ్మబుద్ధి కావడం లేదు, తీసేద్దామండీ" అని రాసింది.

ఫోన్ చేసి బతిమాలాను. "పుస్తకమంతా అంత గట్టి మనిషి, ఈ ఒక్కచోట అమాయకురాలు ఎలా అయిందండీ?" అంది.

నాకు ఒళ్లు మండింది. అత్తగారేమో తాను పుస్తకంలోకి ఎక్కుతున్నానని అప్పటికే వీధంతా చాటుకుంది. నేరుగా వంటింట్లోకి వెళ్లాను.

"అత్తమ్మా, ఎడిటరమ్మ మిమ్మల్ని పుస్తకంలోంచి కొట్టేసింది."

అని, నంబరు కలిపి, స్పీకరు పెట్టి ఫోను చేతికిచ్చాను. ఇక ఎడిటర్ పని అయిపోయిందని లోపల్లోపల తెగ సంబరపడ్డాను.

"అమ్మా, నాను మీరు కొట్టీసిన అత్తని," అంది ఆవిడ. "నానేటి తప్పు సేసేనని తీసీత్తన్నారు?"

అవతల నవ్వు వినిపించింది. "ఆ రోజు ఏం జరిగిందో మీరే చెప్పండమ్మా."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ?" అన్నాను గబగబా.

"ఏటి సెప్పమంటావమ్మా! నాకు సదువు రాదు. మా కోడలు టీచరు కదా, బోర్డు సూడమన్నాను. ఫోన్లో ఏటో రాసుకుంటా, తలెత్తకండా 'ఇదే, ఎక్కండి' అంది. రాంబిల్లిలో దిగేక ఏడుపు మొకం ఎట్టింది. ఎలాగూ వచ్చేం కదా అని నాను సేపలు కొన్నాను. ఆ సంచీతోనే సబ్బవరం ఎల్లేం. అక్కడ సూత్తే వ్రతం! పంతులుగారు ముక్కు మూసుకుని మంత్రాలు సదివేరు."

స్పీకరు ఆపబోతే అత్తగారు నా చెయ్యి తోసేసింది.

"ఇలాగే రాయండి," అంది ఎడిటర్, నవ్వాపుకుంటూ.

"మరి నా పరువండీ?"

"ఆవిడ పరువు తీసినప్పుడు గుర్తు రాలేదా?"

అత్తగారు చెప్పినట్టే అచ్చయింది. చదివినవాళ్లందరికీ ఆ అధ్యాయమే నచ్చింది.

పోయిన నెల రెండో పుస్తకం రాసి పంపాను. వారానికి ఎడిటర్ ఫోన్ చేసింది, అత్తగారికి. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఇప్పుడు నా పెళ్లిచూపుల అధ్యాయం మొత్తం తిరగరాస్తున్నాను.