నూనె డబ్బాల కవచం

సుచిత్ర చౌరస్తా దగ్గరి మా వర్క్‌షాపులో ప్లాస్టిక్‌ను వేడిచేసినప్పుడల్లా ఘాటైన వాసన గదంతా నిండుతుంది. కిటికీ తెరవడానికి లేచినప్పుడు అనసూయక్క గుర్తొస్తుంది. నాటకాలకు కవచాలు తయారుచేయడం నాకు బతుకుతెరువు కావడానికి కారణం ఆమే.

తొంభైల చివర్లో పెళ్లయి జవహర్‌నగర్ వచ్చాను. కుట్టుపని తప్ప నాకింకేమీ రాదు. పక్కింటి అనసూయక్క అంగన్‌వాడీ టీచరు. చిన్నప్పుడు వాళ్ల నాయిన నాటక బృందంలో చెలికత్తె వేషాలు వేసేదట. నడివయసులో కాలనీ ఆడవాళ్లను పోగుచేసి యుద్ధ నాటకం ఆడాలని, అందులో తానే సేనాపతి కావాలని పట్టుపట్టింది. నన్ను వెంటబెట్టుకుని మేడ్చల్‌లో వేషాల సామాను అద్దెకిచ్చే దుకాణానికి వెళ్లింది.

"ఆడోళ్లకు కవచాలుండవమ్మా. రాణి చీరలున్నయి, తీస్కపోండ్రి," అన్నాడు దుకాణదారు.

"చీరలు మా ఇంట్ల గూడ ఉన్నయి," అని అక్క బయటికి నడిచింది. దారిలో నాతో, "నువ్వు జాకెట్లు కుడ్తవు గద. గిది గూడ జాకెట్టే. జర గట్టిది, గంతే," అంది.

మొదట అట్టపెట్టెలు కోసి కుట్టాం. రిహార్సల్‌లో చెమటకు నాని అవి వంగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. అక్క ఆ అట్టలను విప్పి నేలమీద పరిచి, "కొలత మంచిగనే కుదిరింది. సామాను మారుద్దాం," అంది. పాత సామాన్ల దుకాణం నుంచి ఖాళీ ప్లాస్టిక్ నూనె డబ్బాలు తెచ్చాం. అట్టముక్కల కొలతతో వాటిని కోశాం. పొయ్యి సెగకు మెత్తబరిచి, బిందెమీద ఒత్తి భుజాల వంపు తెప్పించాం. సైకిల్ ట్యూబులు పట్టీలయ్యాయి. పైన వెండి రంగు వేసి ఎండలో పెడితే ఇనుమే అనిపించింది.

శామీర్‌పేటలో తొలి ప్రదర్శన. "చెత్తకుప్పల కాడోళ్లు వచ్చిండ్రు," అని ముందు వరుసలో ఎవరో మా కాలనీ పక్కనున్న చెత్త యార్డును ఎత్తిచూపారు. అక్క వేదికమీదికొచ్చి కత్తి ఎత్తింది. ఆ ఊపుకు పట్టీ తెగి, భుజం కవచం కిందపడి వెల్లకిలా తిరిగింది. లోపలివైపు మేం రంగు వేయలేదు. నూనె డబ్బా పసుపు రంగు అందరికీ కనిపించింది. జనం గొల్లున నవ్వారు.

అక్క వంగి ఆ ముక్కను తీసుకుంది. పసుపువైపే జనానికి కనబడేలా డాలులా పట్టుకుని శత్రురాజు మీదికి నడిచింది. నాటకంలో లేని మాట అంది: "మీరు పారేసినవే మాకు మిగిలినయి. గవ్విటితోనే కోట నిలబెడ్తం."

నవ్వులు ఆగాయి. చివరి దృశ్యం దాకా ఆమె ఆ డాలు దించలేదు. తెరపడ్డాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"గా మాట ఎట్ల తోచిందక్కా?" అని అడిగాను.

"మస్తు భయమైంది. గా భయంలనే వచ్చింది," అంది ఆమె, నీళ్ల చెంబు అందుకుంటూ. అప్పుడు చూశాను, ఆమె వేళ్లు ఇంకా వణుకుతున్నాయి.

ఆ తర్వాత నాగారంలో, మేడ్చల్‌లో, పిలిచిన ప్రతిచోటా ఆడాం. మోకాళ్లు మొరాయించేదాకా ఆమే సేనాపతి. ఇప్పుడామె లేదు. నేను చేసిన కవచాలు పెద్ద వేదికల మీదికి వెళ్తున్నాయి. అయినా ప్రదర్శన మొదలయ్యే ముందు ప్రతిసారీ నా చేతులు వణుకుతాయి. ఆ వణుకు తగ్గేదాకా ఆగను. వణుకుతున్న చేతులతోనే పట్టీలు బిగించి, నటులను వేదికమీదికి పంపుతాను.