ట్రౌవెన్ మాస్టారు

ఆ చిన్న జర్మన్ ఊళ్ళో రిటైరైన బడిపంతులు ఫోల్క్‌మార్ గారికి ఏ మాట విన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే నోరూరుకోదు. రోజూ పొద్దున్నే మెడకు మఫ్లరు చుట్టుకుని హిల్ట్రూడ్ బేకరీకి వచ్చి, రై ధాన్యపు రొట్టె అడుగుభాగాన్ని వేలితో తట్టి చూసి మరీ కొంటారు. ఆ తర్వాత చూపుడువేలు పైకి లేస్తుంది, వెనక క్యూలో నిట్టూర్పులు మొదలవుతాయి. 'ట్రౌవెన్' అన్న మాటంటే ఆయనకు ప్రాణం. "నమ్మడమన్నా అదే, తెగించడమన్నా అదే, జంటకు పెళ్ళి జరిపించడమన్నా అదే! మూలంలో చెట్టులా గట్టిగా ఉండటమని కొందరంటారు," అని ఆయన చెబుతుంటే, భర్త పోయిన హిల్ట్రూడ్ బల్ల మీద మోచేతులాన్చి, కొత్తగా వింటున్నట్టే వింటుంది.

మొన్న శనివారం ఆమె, "కొట్టు మూసేసి హాంబుర్గ్‌లో మా అక్క దగ్గరికి పోతున్నా మాస్టారూ. ఇక్కడింక ఎవర్ని నమ్ముకుని ఉండాలి చెప్పండి?" అంది. మాస్టారి వేలు లేచింది.

"అయిపోయాం! మళ్ళీ ఆ మాటే," అని గొణిగింది వెనకున్న మాంసం కొట్టాయన భార్య.

కానీ వేలు దిగిపోయింది. మాస్టారు టోపీ తీసి గుండెకు హత్తుకున్నారు. "నన్ను," అన్నారు.

చెవులు ఎర్రబడిన మాస్టారు, "అసలు... నాకు రై రొట్టె పడదండీ. ఇన్నాళ్ళూ పక్కింటి కోళ్ళకు వేస్తున్నా," అనేశారు.

"నా రొట్టె కోళ్ళకా!" హిల్ట్రూడ్ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత బల్ల వెనక ఉన్న ఒకే ఒక్క కుర్చీని ఇవతలికి లాగింది.

"కూర్చోండి. అసలు మీకేం పడుతుందో ముందది చెప్పండి."