గేరుబాక్సు ఎక్కించిన మధ్యాహ్నం

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో నవ్వేవాళ్లు. మా నాయన చీకట్లో వంక దాటి ఒంటరిగా చేనికి పోయే మనిషి. ఫలానా చోట ఏదో కనపడిందని ఎవరన్నా వణుకుతా వచ్చి చెప్తే, ముందు వాని నోరు వాసన చూడమనేవాడు. నేనూ ఆయన కొడుకునే. ఇప్పటికీ ఎవరన్నా అడిగితే దయ్యాలు లేవనే చెప్తాను.

కానీ మా కొట్టంలో ఒక మధ్యాహ్నం జరిగింది మాత్రం జరిగింది. అది దయ్యమని నేను అనను. ఏమనాలో నాకు తెలీదు.

యాభైల నాటి మాట. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. జొన్న, పత్తి పండే నల్లరేగడి. మా అన్న ఓబులేసుకు చేను కంటే కారు మీద ప్రాణం. కడపలో ఉద్యోగం వదిలి ఇంగ్లండుకు పోయే ఒక తెల్లదొర దగ్గర రెండు సీట్ల చిన్న కారు తీసుకున్నాడు. పై గుడ్డ, తలుపులు, బరువనిపించినవన్నీ పీకేసినాడు. ఆ రోజుల్లో మద్రాసు పక్కన, యుద్ధం నాటి విమానాల మైదానం చుట్టూ కార్ల పందేలు జరిగేవి. అక్కడికి పోయి నడిపేవాడు.

ఎన్నడూ గెలవలేదు. ఐనా తిరిగి వచ్చినాక ఎన్ని దినాలైనా అదే ముచ్చట. మేమంతా విసుక్కుని లేచిపోతే, మా వదిన నాగమ్మ ఒక్కతే జొన్నలు చెరుగుతా వినేది. "ఆ మలుపు కాడ ఏ గేరు ఏసినావు?" అని అడిగేది. అన్న మొహం వెలిగిపోయేది.

చివరి పందెంలో రెండో గేరు పళ్లు రాలిపోయినాయి. ఆ గేరు లేకుండానే ఎట్లో ఇల్లు చేరినాడు.

విప్పాలంటే చోటు లేదు. బయట గాలి లేస్తే దుమ్ము పిండి మాదిరి పడుతుంది. అందుకని ఎద్దుల్ని బయట కట్టేసి, వాటి కొట్టంలో నేల మధ్యన గుంత తవ్వి, కారును దాని మీదికి తోసినాం. ఎడమపక్క రాతిగోడ. కుడిపక్క ఎద్దుల మేతకు కట్టిన రాతి గాడి. ఎదురుగా ఇంకో గోడ. పక్కన నిలబడేదానికి మనిషి కాదు గదా, కోడి కూడా పట్టదు. కారులోకి పోవాలన్నా వెనక నుంచే ఎక్కాల, గుంతలోకి పోవాలన్నా వెనక నుంచే పాకాల. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

సీట్లు, కాళ్ల కింది పలకలు ఊడదీసి గేరుబాక్సును పైకే లాగినాం. కోయిలకుంట్లలో బస్సులు బాగుచేసే మస్తానన్న గుంతలో వెల్లకిలా పడుకున్నాడు. నేను కారులో మోకాళ్ల మీద కూర్చుని, గేరుబాక్సుకు కట్టి దూలం మీదుగా వేసిన తాడు పట్టుకున్నాను. అన్న నా పక్కనే బోర్లా పడుకుని, తల స్టీరింగు కిందికి పెట్టి, రెండు చేతులూ కిందికి దించినాడు. సన్నటి మనిషి కాబట్టి ఆ సందులో పట్టినాడు. కదిలినప్పుడల్లా ఆయన మోకాలు నా డొక్కలో పొడిచేది.

"జరగరా, జరుగు."

"యాడికి జరగాలన్నా? గోడలోకి పోవాల్నా?"

కింద నుంచి మస్తానన్న నవ్వడం, ఆ నవ్వుకు కారు అదరడం నాకు ఇప్పటికీ గుర్తే.

రాలిపోయినదానికి బదులు కొత్త గేరు చక్రం మద్రాసు నుంచి వచ్చింది. అది వచ్చేసరికి అన్నకు జ్వరం. విషజ్వరమన్నారు. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయినాం. మళ్లీ ఇంటికి వచ్చింది ఆయన శవమే. కోయిలకుంట్ల దాకా లారీలో, అక్కణ్నుంచి మా ఎద్దులబండిలో తెచ్చినాం. వదిన వాకిట్లో నిలబడి బండి వచ్చేది చూసింది. ఏడ్వలేదు. ఎద్దుల్ని చూసింది, చక్రాల్ని చూసింది. బండిలోకి మాత్రం చూడలేదు.

కర్మలు అయినాక నాయన కొట్టం వైపు పోవడం మానేసినాడు. కడపలో పందేల పిచ్చి ఉన్న ఒకాయన, ఎట్లుంటే అట్ల కారు తీసుకుంటానని కబురు పంపినాడు. ఎద్దుల్ని కట్టి రోడ్డు దాకా ఈడిపిస్తాం, ఆడ లారీకి ఎక్కించుకోమని నాయన ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం వదిన నన్ను పెరట్లోకి పిలిచింది.

"అబ్బీ, ఆయన్ను ఎద్దుల బండిలో తెచ్చినారు. దాన్ని గూడా ఎద్దులకు కట్టి ఈడ్సొద్దు. నేను సూడలేను. అది దాని కాళ్ల మీద అది పోవాల."

కారు నడపడం అన్న నేర్పినాడు గానీ, నాకు యంత్రాల సంగతి అంతంత మాత్రమే. ఐనా సరేనన్నాను.

మస్తానన్న తన పని వదులుకుని వచ్చినాడు. గేరు చక్రాలన్నీ కిరసనాయిల్లో కడిగి, నులకమంచం మీద గోనెపట్ట పరిచి, వాటిని ఒక్కొక్కటే కూర్చినాడు. మధ్యలో ఒకసారి కొత్త చక్రాన్ని అరచేతిలో పెట్టుకుని, "శానా బాగుండాదప్పా. మీ అన్న సూసుకోలేక పాయ" అన్నాడు.

కూర్చడం ఐంది. ఎక్కించడమే కాలేదు.

గేరుబాక్సు ముందున్న షాఫ్టు పళ్లు క్లచ్చి పళ్లలోకి దూరాల. అవి ఒకదానికొకటి కుదరాలంటే, ఆ గేరు పెట్టె వెనక కొసను ఒకరు పట్టుకుని మెల్లగా తిప్పాల. మస్తానన్న రెండు చేతులూ కింద బరువు మోసేదానికే సరిపోతాయి. నా రెండు చేతులూ తాడు మీద. తిప్పాల్సింది మా అన్న చేయి. ఆ చేయి లేదు. ఎన్నిసార్లు ఎత్తినా రెండు వేళ్ల సందు మిగిలిపోయేది.

"ఇంగొక మనిషి కావాల చిన్నప్పా. ఆ సందులో పట్టే మనిషిని యాడ తెస్తాం?" అన్నాడు మస్తానన్న.

మధ్యాహ్నం తిండి తిని మళ్లీ దిగినాం. ఎండ మండిపోతా ఉంది. వాకిట్లో ఎద్దులు నెమరేస్తా ఉండినాయి. కొట్టం తలుపు తీసే ఉంది. వెలుతురు బాగానే ఉంది. అంతా కనపడతా ఉంది. చెమట కళ్లలో పడి మండుతుంటే, తాడు బిగించి కళ్లు మూసుకున్నాను.

నా డొక్కలో మోకాలు పొడిచింది.

నేను జరిగినాను. ఆలోచించి జరగలేదు. ఎప్పుడూ జరిగినట్టే, గోడ వైపు వొదిగి చోటిచ్చినాను. కింద నుంచి మస్తానన్న మామూలు గొంతుతో అంటున్నాడు: "ఆఁ, అంతే. ఇంగొంచెం తిప్పు ఓబులేసప్పా. అంతే, అంతే."

టక్కుమని చప్పుడైంది. తాడు వదులైంది. పెట్టె పోయి కూర్చుంది.

నా పక్కన చూసినాను. పలకలు లేని ఖాళీ, దాని కింద గుంత మట్టి. అంతే. డొక్కలో నొప్పి మాత్రం ఇంకా ఉంది.

తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"ఎవురితో మాట్లాడతాండావు మస్తానన్నా?"

మస్తానన్న గుంతలో నుంచి బయటికొచ్చినాడు. తల దించుకుని చేతులు తుడుచుకుంటా ఉండిపోయినాడు. ఆమె కాసేపు చూసి, జవాబు దొరికినట్టే ఇంట్లోకి పోయింది.

తరువాత నేనడిగితే ఇంత మాత్రం చెప్పినాడు. "నేను ఎవుర్నీ సూడలేదప్పా. కానీ తిరగతాండేది చేతికి తెలుస్తాది గదా. దానంతట అది జారేది యేరే, మనిషి తిప్పేది యేరే. ఈ పనిలోనే ముసిలోణ్ని ఐతి, ఆ మాత్రం తెలీదా నాకు? నోట్లోకి ఆ పేరు అదే వచ్చె."

తాడు పురి తిరిగి పెట్టె తనంతట తాను మెదిలి ఉండొచ్చు. మోకాళ్ల మీద కూర్చుని కూర్చుని నా నరాలు లాగి ఉండొచ్చు. మస్తానన్న అలవాటు కొద్దీ అని ఉండొచ్చు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నవే. ఒక్కొక్కటీ విడిగా ఐతే నమ్మేవాణ్ని. మూడూ ఒక్క క్షణంలో ఎట్లా కలిసినాయో అర్థం కాదు.

పలకలు, సీట్లు మళ్లీ బిగించినాక కారు కదిలింది. రెండో గేరు వెన్నలా పడింది.

కడప ఆయన వచ్చే రోజు పొద్దున్నే వదిన అడిగింది. "ఒక్కసారి నన్ను ఎక్కించుకోని పోతావా అబ్బీ?" అన్న పోయినాక ఆమె మా వాకిలి దాటి ఎరగదు. నాయన ఏమంటాడోనని నేను అమ్మ వైపు చూసినాను. అమ్మ కళ్లొత్తుకుని, "పోయిరాండి" అనింది.

కుందూ ఏటి గట్టు దాకా పోయినాం. వదిన తల మీద కొంగు లాక్కుని, గేరు కడ్డీ మీద తన చేయి పెట్టింది. "గేరు మార్చేటప్పుడు నా చేతి మీద నీ చెయ్యి పెట్టి మార్చు" అనింది. అట్లాగే మార్చినాను. పోయేటప్పుడూ అట్లే, వచ్చేటప్పుడూ అట్లే. దావ పొడుగునా ఆమె ఎదురుగా చూడలేదు. కళ్లు మూసుకుని, దేనికోసమో చెవి పెట్టి వింటున్నట్టు కూర్చుంది. నేనూ ఎదురుచూసినాను. ఒట్టేసి చెప్తున్నాను, నేను కూడా ఎదురుచూసినాను.

ఇంటి ముందు ఆపినాక ఆమె చాలాసేపు దిగలేదు.

"ఏమన్నా తెలిసెనా వదినా?" అని అడిగినాను.

కడ్డీ మీద నుంచి చేయి తీసి చూసుకుంది.

"ఇనుమబ్బీ," అనింది. "ఉత్త ఇనుము."

అప్పుడు ఏడ్చింది. ఎద్దులబండి వాకిట్లోకి వచ్చిన రోజు ఏడ్వాల్సింది, ఆ రోజు ఏడ్చింది.

మస్తానన్న పోయి చాన్నాళ్లయింది. వదిన మాతోనే ఉండి, ముసలితనంలో పోయింది. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఆ కొట్టంలో మా పక్కకు ఎవరన్నా వచ్చినారా అంటే నేను చెప్పలేను. వచ్చింది అన్నే ఐతే, నా డొక్కకు తగిలిన మోకాలు, మస్తానన్న చేతికి తెలిసిన చేయి, అంత దూరం కళ్లు మూసుకుని ఎదురుచూసిన వదినకు ఎందుకు తగల్లేదో అసలే చెప్పలేను.