ఒట్టు పెట్టని మాస్టారు

నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద దేవుడు ఉన్నాడా లేడా అన్న సంగతి రోజూ సాయంత్రం తేలిపోయేది, మర్నాటికి మళ్ళీ మొదటికొచ్చేది. మా తాతయ్య తెనాలి పక్కన మా పల్లెలో చర్చికి ఉపదేశి. పాస్టరుగారు ఎప్పుడో గాని వచ్చేవారు కాదు గనక ప్రార్థనలు, ప్రసంగాలు, మొగుడూ పెళ్ళాల తగాదాలు అన్నీ ఆయన నెత్తి మీదే. ఎదురింటి మాస్టారు తెనాలి హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. పచ్చి హేతువాది. సైకిలుకి స్టాండు వేసీ వేయకముందే మొదలుపెట్టేవారు. ఐరోపాలో జనం ఏనాడో కళ్ళు తెరిచారనీ, మంచీ చెడూ తెలుసుకోవడానికి మనిషికి బుద్ధి చాలనీ, నరకం పేరు చెప్పి భయపెట్టక్కర్లేదనీ ఆయన వాదన. ఆ బుద్ధి ఇచ్చిందెవరని మా తాతయ్య ఎదురు ప్రశ్న. ఇద్దరూ గొంతులు చించుకుని, నాయనమ్మ తెచ్చిన టీ తాగి, నవ్వుకుంటూ లేచేవారు.

మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి, దేవుడి పేరున వేరే ముంతలో వేసేవారు. శనివారం ఇంటింటికీ తిరిగి ఆ పిడికెడు బియ్యం పోగుచేసి, చర్చి పక్క గదిలో బస్తాకెత్తడం మా పక్కింటి పెద్దమ్మ పని. మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు. చర్చి ఊడ్చి, గంట కొట్టి, ఆ గది తాళంచెవి బొడ్లో దోపుకుని తిరగడంలోనే ఆమెకు ఊళ్ళో ఒక మర్యాద. బడి ఎగ్గొట్టిన రోజున నన్ను ఆ గదిలోనే దాచేది. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చూస్తే గదిలో బస్తా లేదు. తాళంచెవి ఉన్నది పెద్దమ్మ దగ్గర, ఇంకేముంది, అనుమానం ఆమె మీదే పడింది. సంఘపెద్దలు చర్చి వరండాలో కూర్చుని, పెద్ద బైబిలు గ్రంథం తెప్పించి బల్ల మీద పెట్టారు. మాలో ఏ తగువైనా దాని మీద చెయ్యి వేసి చెప్పిందే సాక్ష్యం. ఆమె చెయ్యి వేసి, ఏడుస్తూ, తనకేమీ తెలియదంది. నింద పడ్డ మనిషి మాట చాలదు, ఇంకెవరైనా చూశారా అన్నారు.

గోల విని మాస్టారు రోడ్డు దాటి వచ్చారు. ముందురోజు సాయంత్రం రేపల్లెలో ప్రార్థన కూటాలకు చర్చి వంటపాత్రలు పంపిస్తుంటే, ఆ గది తెరిచిపెట్టి పెద్దమ్మ నీళ్ళకు వెళ్ళిందట. సంఘం కుర్రాళ్ళు గుండిగలతోపాటు బస్తా కూడా బండిలోకి ఎక్కించడం తమ అరుగు మీంచి చూశానన్నారు. ఆ కుర్రాళ్ళా, ఇంకా రేపల్లెలోనే ఉన్నారు. అయితే చెయ్యి వేసి చెప్పండి అన్నారు పెద్దలు.

"వెయ్యనండి. నమ్మనిదాని మీద చెయ్యేసి చెప్తే, అదే నేను చెప్పే మొదటి అబద్ధం అవుద్ది."

"దేవుడి భయం లేనోళ్ళ మాటకి పూచీ ఏంటి మాస్టారూ?" అన్నాడొక పెద్ద. పెద్దమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. నాకు ఆ పెద్దల మీద కన్నా మాస్టారి మీదే ఒళ్ళు మండింది. ఉత్తినే చెయ్యి వేస్తే ఆయన సొమ్మేం పోయింది?

అప్పుడు మా తాతయ్య లేచాడు. గ్రంథాన్ని బల్ల మీంచి తీసి, చంకలో పెట్టుకున్నాడు.

"అసలు ఒట్టే పెట్టుకోవద్దని ప్రభువు చెప్పాడా, లేదా? అవునంటే అవును, కాదంటే కాదు, అంతే చాలన్నాడు. ఇన్నేళ్ళబట్టీ చదివేది మనం, పాటించింది ఈయన. ఈ గ్రంథం ఎరగనోళ్ళ గుండెల్లో కూడా దేవుడు న్యాయం రాసిపెట్టాడని మీకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది."

"రాసింది దేవుడంటే నేనొప్పుకోనండి ఉపదేశిగారూ," అన్నారు మాస్టారు. అక్కడ కూడా వదల్లేదు మహానుభావుడు!

"అది సాయంత్రం తేల్చుకుందాం లెండి. రాసింది చదవడం మీకు వచ్చుగా, ఈ పూటకి అది చాలు."

ఎవరో నవ్వారు. దాంతో అందరూ నవ్వారు. తాతయ్య తాళంచెవి తీసి పెద్దమ్మ చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. తర్వాత బండి తిరిగొచ్చింది, కుర్రాళ్ళు బుర్ర గోక్కుంటూ బస్తా దించారు. కానీ మా తాతయ్య ఆ బండి వచ్చేదాకా ఆగలేదు. ఆ ఆగకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

తాతయ్య పోయినప్పుడు, సమాధి దగ్గర ఎవరైనా నాలుగు మాటలు చెప్పండని పాస్టరుగారు అడిగితే మాస్టారు ముందుకొచ్చారు. "ఈయన దేవుణ్ణి నేను నమ్మలేకపోయాను. ఈయన మాత్రం నన్ను నమ్మారు," అన్నారు. గుప్పెడు మట్టి వేసి పక్కకు జరిగారు.

ఇప్పుడు బాపట్లలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఒకరి మాట నమ్మాలా వద్దా అన్నప్పుడు వాళ్ళది ఏ గుడి అని అడగబుద్ధి కాదు నాకు. పొద్దున్నే లేచి ప్రార్థనలో, మాలాంటి వాళ్ళ మధ్యకు మాస్టారిని పంపినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. మాస్టారు వింటే కోప్పడతారని తెలుసు. అయినా మానలేదు.